సొట్ట కంచం

కొత్త రంగు వాసన ఇంకా వదల్లేదు. గోడకు ఆనుకుంటే బట్టలకు అంటుకుంటుందేమోనని అందరూ ఒళ్ళు దగ్గరపెట్టుకుని నిలబడ్డారు. పెద్దన్న ఒక్కడే ఏ భయమూ లేకుండా వంటగదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పొయ్యి మీద మూడు గిన్నెలున్నాయి. మూడింట్లోనూ ఉడుకుతున్నది ఒకటే, చిక్కుడుగింజల కూర.

"తలా ఒక చెంచా తీసుకోండి. ఏది అచ్చం నాన్నమ్మ వండినట్టు ఉందో చెప్పండి. మొహమాటపడొద్దు," అన్నాడు.

"నీ దగ్గర మొహమాటం దేనికి? బాగాలేకపోతే మొహం మీదే ఊస్తాం," అన్నాడు చిన్నన్న. ఫ్రిజ్‌లు బాగుచెయ్యడం అతని పని. అన్న కొత్త హోటల్లో పాత ఫ్రిజ్ బిగించడానికి వచ్చి, ఆ ఫ్రిజ్ వెనకాల నుంచే చెయ్యి చాచి చెంచా అందుకున్నాడు.

మూడో మనిషిని చిన్నప్పటి నుంచీ అందరూ నత్త అనే పిలుస్తారు. ముద్ద నోట్లో పెట్టుకుంటే అది గొంతు దిగేసరికి పొయ్యి చల్లారిపోయేదట. ఇప్పుడు ఆమె ఒక బస్టాండులో పోయిన వస్తువుల గదికి గుమాస్తా. ఇంటిమొత్తం మీద డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. "డిగ్రీ చదివి గొడుగులకు కాపలా కాస్తోంది" అని అన్నలిద్దరూ ఏడిపిస్తారు. అయినా ఊళ్ళో ఎవరి గొడుగు పోయినా ఆమెకే ఫోన్ చేస్తారు.

ముగ్గురూ అన్నదమ్ముల పిల్లలు. ఒకే సందులో, ఒకే నాన్నమ్మ పొయ్యి దగ్గర పెరిగినవాళ్ళు. పెద్దన్న ఇన్నాళ్ళూ పరాయి హోటళ్ళలో వండి వండి, ఇప్పటికి సొంతంగా ఓ చిన్న హోటల్ పెట్టుకుంటున్నాడు. 'నాన్నమ్మ వంట' అని బోర్డు కూడా రాయించేశాడు. వచ్చే ఆదివారమే తెరవడం. బోర్డు సిద్ధం, బల్లలు సిద్ధం, నాన్నమ్మ వంటే ఇంకా సిద్ధం కాలేదు.

"వెల్లుల్లి బాగా మాడ్చి వేసేది, గుర్తులేదా?" అన్నాడు పెద్దన్న మొదటి గిన్నె చూపిస్తూ.

"వెల్లుల్లా? నాన్నమ్మ వెల్లుల్లి ఎప్పుడు వేసిందిరా బాబూ! ఎండుమిర్చి. ఒక్క ముద్దకే చెవుల్లోంచి పొగలొచ్చేవి," అన్నాడు చిన్నన్న.

"నీ చెవుల్లోంచి పొగలు ఇప్పటికీ వస్తున్నాయి. అది కారం వల్ల కాదు."

"సరే, నువ్వు చెప్పవే నత్తా. తగువు నువ్వే తీర్చు."

నత్త మూడు గిన్నెల్లోవీ తిన్నది. కళ్ళు మూసుకుని మళ్ళీ తిన్నది. ఆమె నాలుక వెతుకుతున్నది వాటిలో ఏ గిన్నెలోనూ లేదు.

"వెల్లుల్లీ లేదు, మిర్చీ లేదు," అన్నది చివరికి. "ఉత్త గింజలూ, ఉప్పూ, కొంచెం అడుగంటిన వాసనా. అంతే. నూనె కూడా ఉండేది కాదు."

అన్నలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

"అది కూరా? జ్వరమొచ్చినవాళ్ళకు పెట్టే పత్యం!"

"దీన్ని నమ్ముకుంటే ఆదివారం తెరిచి సోమవారం మూసెయ్యాలి."

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరికే అనలేదు. కానీ ఇక్కడ జిహ్వలు మూడైనా నాన్నమ్మ ఒక్కతే కదా. ఎవరికి వాళ్ళు ప్రమాణం చేస్తున్నారు, ఒక్కరూ వెనక్కి తగ్గడం లేదు. ఇంకాసేపైతే గరిటెలు లేచేవే. అంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

"వీధి చివరికి వినబడుతున్నాయి మీ గొంతులు. హోటల్ తెరుస్తున్నారా, కోర్టు తెరుస్తున్నారా?"

మేనత్త. నాన్నమ్మకు ఒక్కగానొక్క కూతురు. మనిషి ఎంత సన్నమో మాట అంత పదును. సంచీలోంచి ఒక గుడ్డ మూట తీసింది, మూటలోంచి ఒక ఇనప గరిటె. అరచేతిలో ఇమిడేంత గుంట, దానికి మూరెడు కాడ. మసిపట్టి నల్లగా నిగనిగలాడుతోంది.

"దీన్ని గుర్తుపట్టిన వెధవ ఎవడైనా ఉన్నాడా?"

ఎవరూ లేరు.

అత్త పొయ్యి దగ్గరికి నడిచింది. మూడు గిన్నెలూ పక్కకు జరిపించి, వెనక పొయ్యి మీద ఉత్త గింజలు ఉడుకుతున్న పెద్ద కుండలోంచి ఒక కంచంలో వడ్డించింది. గరిటెలో నూనె పోసి మంట మీద పట్టుకుని, రెండు వెల్లుల్లి రేకలు చితిపి వేసింది. అవి ఎర్రబడి నల్లబడబోయే క్షణంలో సుయ్యిమని కంచం మీదే కుమ్మరించింది. "ఇది నీది," అని పెద్దన్న ముందుకు తోసింది. మళ్ళీ నూనె, ఈసారి మిరపకాయలు. అందరూ దగ్గారు. రెండో కంచం మీద సుయ్యిమన్నది. "ఇది నీది."

పెద్దన్న ఒక ముద్ద తిని గోడకు ఆనుకున్నాడు. చొక్కాకు రంగంటినా పట్టించుకోలేదు. చిన్నన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిర్చి వల్లేనని అన్నాడు.

"కుండలో అందరికీ ఒకటే. పోపు మాత్రం ఎవరి కంచంలో వాళ్ళది," అన్నది అత్త. "నువ్వు బడి నుంచి పెందలాడే వచ్చేవాడివి. వీడు బంతాట ఆడి ఆడి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఎవరొచ్చినప్పుడు వాళ్ళకు వేసి పెట్టేది. ఒకళ్ళ కంచంలోకి ఒకళ్ళు ఏనాడైనా తొంగిచూశారా, తెలియడానికి?"

నత్త గొంతు సవరించుకుంది. "మరి నాకు, అత్తా?"

అత్త గరిటెను గుడ్డతో తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది.

"నీకేమీ వేసేది కాదు," అన్నది.

* * *

ఆ మాట పెద్దదేమీ కాదు. అన్నది కూడా మామూలుగానే. కానీ నత్తకు చెప్పులో రాయి దూరినట్టయింది. నడవలేదు, కూర్చుని తీసుకుందామంటే చేతికి చిక్కదు.

అన్నలిద్దరూ సంబరంలో ఉన్నారు. ఇక హోటల్లో ఎవరి పోపు వాళ్ళ ఇష్టమని, నిలబెట్టి అడిగి వెయ్యాలని మాట్లాడుకుంటున్నారు. నత్త గోడ వైపు చూసింది. పెద్దన్న అక్కడ అద్దాల అలమర కట్టించి నాన్నమ్మ సామానంతా పేర్చాడు. ఎంత తోమినా నలుపు వదలని పెద్ద గిన్నె, పిడి అరిగిన చెక్క గరిటె, రెండు చిన్న కంచాలు. కంచాలు అన్నలిద్దరివీ. గుండ్రంగా, చక్కగా, మెరుస్తూ ఉన్నాయి.

ఆమె కంచం లేదు. ఎలా ఉంటుంది? అది సొట్టది. అడుగు ఒక పక్కన లోపలికి నొక్కుకుపోయి, ఎక్కడ పెట్టినా ఆ పక్కకే ఒరిగేది. కూర రసమంతా జారి ఒక మూలకు చేరేది. దానికి రొట్టెముక్కలతో కట్ట కట్టి ఆడుకోవడం ఆమెకు లీలగా గుర్తుంది. కట్ట తెంపుకుని రసం ఆమె వైపుకే పారేది. అంత చెడిపోయిన కంచాన్ని అలమరలో ఎవరు పెడతారు?

ఇన్నేళ్ళూ ఆమెకు ఆ సొట్ట ఒక వేడుక. ఆ పూట మొదటిసారి అది ఒక లెక్కలా కనబడింది. మంచి కంచాలు వాళ్ళకి, సొట్టది తనకి. పోపు వాళ్ళకి, ఉత్త గింజలు తనకి.

"ఏమే, తినకుండా వెళ్ళిపోతున్నావు?" అని పెద్దన్న కేకేశాడు.

"బస్సుంది," అన్నది. బస్టాండులో పనిచేసే మనిషికి ఆ అబద్ధం బాగా అమరుతుంది.

ఇంటికి వెళ్ళి అలమర సర్దింది. సర్దిన అలమరే మళ్ళీ సర్దింది. గది ఊడ్చింది. ఉతికిన బట్టలు బకెట్లో వేసి నీళ్ళు పోశాక గానీ అవి ఉతికినవని తెలియలేదు. కాలుగాలిన పిల్లిలా ఆ కాస్త గదిలోనే తిరిగి తిరిగి, సాయంత్రానికి ఇక పట్టలేక అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్నమ్మకు నేనంటే ఇష్టముండేదా?"

"ఇదేం ప్రశ్నే? ఒంట్లో బాగానే ఉందా?"

"చెప్పు."

"నాకేం తెలుసు తల్లీ. పొద్దున్నే మిల్లు బస్సెక్కేదాన్ని, నిన్ను ఆవిడ గుమ్మంలో దించి. మళ్ళీ వచ్చేసరికి నిద్రపోయి ఉండేదానివి. పొట్ట తడిమి చూసుకునేదాన్ని, తిన్నావో లేదోనని. నిండుగానే ఉండేది."

"ఏం పెట్టేదో అడగలేదా?"

"ఎలా అడుగుతాను? ఊరికే ఉంచుకుంటోంది. మీ అత్త ఆ రోజుల్లో వచ్చినప్పుడల్లా 'దీన్ని కూడా నీ నెత్తినే వేశారా' అనేది, నాకు వినబడేలా. అడిగి, ఉన్నది కూడా చెడగొట్టుకుంటానా?"

అమ్మ ఓదారుద్దామనే చెప్పింది. నత్తకు మాత్రం చెప్పులో రాయి ఇంకాస్త లోపలికి దిగింది. వడ్డించేది మనవాళ్ళయితే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించింది సొంత నాన్నమ్మే. బంతిలో ఉన్నదేమో ముగ్గురే. అయినా తన కంచం దగ్గరికి వచ్చేసరికి ఆ గరిటె ఎందుకు ఆగిపోయింది? మిల్లుకు వెళ్ళే కోడలు వదిలేసిన పిల్ల అనా? నెత్తిన పడిన బరువనా?

* * *

మర్నాడు పోయిన వస్తువుల గదిలోనూ కుదురు లేదు. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ. అర్ధచంద్రాకారంలో కోసిన చెక్క వెనకాల ఆమె, ఆవల జనం. ఆమె వెనక అరల్లో గొడుగులు, ఒంటి చెప్పులు, టిఫిన్ డబ్బాలు, ఒక పళ్ళసెట్టు, ఒక చంకకర్ర. కర్ర వదిలేసిన మనిషి బస్సు ఎలా దిగి వెళ్ళాడన్నది ఆ ఆఫీసులో పాత జోకు.

"గుర్తులు చెప్పండి," అన్నది కిటికీ దగ్గరికి వచ్చిన పెద్దాయనతో.

"టిఫిన్ డబ్బా అమ్మా. మూడు గిన్నెలది. తళతళ మెరుస్తూ ఉంటుంది."

నత్త అరలో చూసింది. మూడు గిన్నెల డబ్బా ఉన్నదొకటే. మూత వంకరపోయింది, పిడికి తాడు కట్టి ఉంది, మెరుపు ఏనాడో పోయింది. తెచ్చి చూపించగానే ఆయన మొహం వెలిగిపోయింది. "ఇదే! ఇదేనమ్మా!"

"మెరుస్తుందన్నారు?"

"మెరిసేదమ్మా," అన్నాడాయన, తప్పు డబ్బాదైనట్టు దాన్నే చూస్తూ. "కొన్నప్పుడు."

ఇది ఆమె రోజూ చూసేదే. పోగొట్టుకున్న వస్తువును ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు పదిమందిలో ఒకరుంటే గొప్ప. రంగు తప్పు చెబుతారు, సైజు తప్పు చెబుతారు, ఏ చేత్తో పట్టుకునేవాళ్ళో కూడా తప్పు చెబుతారు. అబద్ధమాడి కాదు, అలాగే గుర్తుండి. నేనూ అంతేనేమో, అనుకుంది. నాన్నమ్మ నాకూ ఏదో వేసే ఉంటుంది, నేనే మరిచిపోయి ఉంటాను. కానీ అత్త స్వయంగా చెప్పింది కదా, వేసేది కాదని.

మధ్యాహ్నం పెద్దన్న ఫోన్ చేశాడు. వెనకాల సుత్తి చప్పుళ్ళు.

"నత్తా, బోర్డు మీద బొమ్మ వేయిస్తున్నా. ఆ చిట్టి గరిటె బొమ్మ. ఎలా ఉంటుందంటావు?"

"బాగుంటుంది."

"నీ గొంతు బాగాలేదే. నిన్నటి నుంచీ చూస్తున్నా. పోపు గురించేనా? అత్త మాటలు పట్టించుకుంటే మనం ఈపాటికి సన్యాసుల్లో కలిసేవాళ్ళం."

"అదేం కాదులే. అన్నయ్యా, నా చిన్నప్పటి కంచం ఉందా నీ దగ్గర? సొట్టది?"

"సొట్ట కంచమా? ఉంది. కానీ అది నీదేమిటి? అది నాన్నమ్మది."

"కాదు, నాదే. నేను అందులోనే తినేదాన్ని."

"నీకు మతి పోయింది. అది నాన్నమ్మ సొంత కంచమే. వాళ్ళమ్మ ఇచ్చిందట. ఎవరినీ వేలు పెట్టనిచ్చేది కాదు. ఒకసారి అందులో మామిడికాయ ముక్కలు వేసుకున్నానని అట్లకాడతో వీపు మీద ఒక్కటిచ్చింది. గుర్తుపెట్టుకోమని అన్నది కూడా. గుర్తుపెట్టుకున్నా, చూడు."

నత్త ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చింది. ఏదో అడగాలని ఉంది, ఏది ముందు అడగాలో తెలియడం లేదు. "ఇప్పుడెక్కడుంది?"

"సొట్ట తీయించడానికి ఇచ్చాను పొద్దున్నే. ఇత్తడి గిన్నెల సందు చివర ఉంటాడే, ఆయనకు. అత్తే అన్నది, హోటల్లో పెట్టేదానికి సొట్టేమిటి, పరువు తక్కువ, కొట్టించెయ్యి అని. హలో? నత్తా? ఒసే!"

ఆమె అప్పటికే గది తాళాలు పక్క కౌంటర్ అమ్మాయి చేతిలో పెట్టేసింది.

బస్సులో కూర్చోలేకపోయింది. సీటు ఖాళీగా ఉన్నా ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడింది, నిలబడితే బస్సు తొందరగా వెళ్తుందన్నట్టు. నాన్నమ్మ కంచం. ఎవరినీ వేలు పెట్టనివ్వని కంచం. మరి తను?

కళ్ళు మూసుకుని ఆ కంచాన్ని మళ్ళీ తన ముందు పెట్టుకుంది. రొట్టెముక్కల కట్ట. కట్ట తెంపుకుని వచ్చే రసం. అవతల పక్క ఇంకేదో ఉంది. ఒక చెయ్యి. మణికట్టు దగ్గర కాలిన మచ్చ, గోళ్ళ సందుల్లో పిండి. వడ్డించే చెయ్యి అనుకుంటూ వచ్చింది ఇన్నేళ్ళూ. కానీ వడ్డించే చెయ్యి పైనుంచి వస్తుంది, వచ్చి వెళ్ళిపోతుంది. ఈ చెయ్యి ఎదురుగా, కంచం అంచు దగ్గర, వెళ్ళకుండా ఉంది. ముద్ద కలుపుకుంటోంది.

ఇంకొకటి. ఎక్కడ పెట్టినా ఒక పక్కకు ఒరిగే కంచం రోజుకొక వైపు ఒరగాలి. ఆమె గుర్తులో అది ప్రతిసారీ ఆమె వైపుకే ఒరిగింది. ప్రతిసారీ.

డ్రైవర్ బ్రేకు వేసేదాకా, దిగాల్సిన స్టాపు దాటిపోయిందని తెలియలేదు. వెనక్కి పరుగెత్తింది.

* * *

ఇత్తడి గిన్నెల సందులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అటూ ఇటూ సుత్తుల మోత. చివర్న ఒక ఇరుకు కొట్టు. బయట తిరగేసిన గిన్నెలు, లోపల దిమ్మ ముందు కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన.

"పొద్దున్న ఒక కంచం ఇచ్చారు, మా అన్నయ్య!" అని అరిచింది.

"గుర్తు చెప్పమ్మా!" అని ఆయనా అరిచాడు. "పొద్దుట్నుంచి ఇరవై కంచాలొచ్చాయి."

"సొట్ట ఉంటుంది. ఒక పక్కకు ఒరుగుతుంది."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని అయ్యో అన్నట్టు చూశాడు. "సొట్ట ఉన్న కంచం నా కొట్లో ఒక్కటి కూడా లేదమ్మా. ఉంటే నాకు అన్నం ఎలా పుడుతుంది? అన్నీ తీసేశాను."

అవును మరి. అందరినీ గుర్తులడిగే మనిషికి ఇప్పుడు చెప్పడానికి గుర్తు మిగల్లేదు. తిరగేసి పెట్టిన కంచాల ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే ఎత్తి చూసింది. అన్నీ చదునుగా, మర్యాదగా ఉన్నాయి. అంచులు తడిమింది. బొటనవేలు ఒక చోట ఆగింది. అంచు మీద చిన్న నొక్కు, పంటిగాటు లాంటిది. ఆ నొక్కును తను నాలుకతో తడుముతూ కూర్చునేది. కంచాన్ని అరుగు మీద పెట్టింది. అది ఏ పక్కకూ ఒరగలేదు. తట్టింది. గంటలా మోగింది.

"ఎలా కుదిరింది చూశారా?" అన్నాడాయన గర్వంగా. ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఏమమ్మా, తప్పయిందా?"

"సొట్ట కావాలి," అన్నది నత్త.

"ఆఁ?"

"ఆ సొట్టే కావాలండి."

ఆయన సుత్తి చేతిలోకి తీసుకుని కంచం వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశాడు. "పెట్టమంటే పెడతాను. ఎక్కడ కొట్టమంటారు?"

సుత్తి గాల్లో ఉండగా ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. కొత్త సొట్ట పెట్టుకుని ఏం చేసుకుంటుంది? కంచాన్ని కొంగులో చుట్టుకుని లేచింది. అక్కడి నుంచి అత్త ఇంటికి నడకే. నడక అనడం మర్యాదకు, నిజానికి పరుగే.

* * *

అత్త వంటింట్లో పీట వేసుకుని గింజలు వలుస్తోంది. హోటల్ తెరిచే రోజు కోసమట, ఇప్పటి నుంచే. నత్త చెప్పులు విప్పీ విప్పకముందే కంచం అత్త ముందు పెట్టింది.

"ఇది ఎవరిదత్తా?"

"మా అమ్మది," అన్నది అత్త తలెత్తకుండా. "బాగా తీశాడు సొట్ట."

"నేను ఇందులోనే తిన్నాను కదూ? నాన్నమ్మ తింటున్నప్పుడే, నాన్నమ్మతో కలిసి."

గింజలు వలిచే చేతులు ఆగాయి.

"నీకంతా తెలుసు. తెలిసీ నిన్న అందరి ముందూ, నాకేమీ వేసేది కాదని మాత్రం చెప్పి ఊరుకున్నావు. నిన్నటి నుంచీ నాకు ముద్ద దిగలేదత్తా. నేను ఆమెకు బరువయ్యానేమో, అందుకే మిగిలిందేదో పడేసేదేమో అనుకుని..."

"అబద్ధం చెప్పానా? వేసేది కాదు!" అత్త గొంతు లేచింది. "ఆమెకు కడుపులో పుండు. నూనె చుక్క పడితే మెలికలు తిరిగిపోయేది. అందుకని తన కంచంలో ఏదీ వేసుకునేది కాదు. ఉప్పూ, గింజలూ, అడుగున మిగిలిన మాడూ. నువ్వేమో ఒక్కదానివే పెడితే బుగ్గన పెట్టుకుని పొద్దుగుంకేదాకా కూర్చునేదానివి. ఎదురుగా ఎవరైనా తింటేనే తినేదానివి. అందుకని తన కంచంలోనే పెట్టుకు తినేది. ఆమె ఎంగిలి తిన్నావు నువ్వు. చాలా?"

"సొట్ట నా వైపుకు తిప్పేది."

అత్త ఈసారి తలెత్తింది. "గుర్తుందా నీకు?"

"రసం నా వైపుకే వచ్చేది."

"వస్తుంది మరి. ముందు కంచం తిప్పేది, తర్వాత కూర్చునేది. తన వైపు ఎండిపోయిన గింజలు, నీ వైపు రసం. నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా చూసేదాన్ని." గింజల గిన్నెను విసురుగా పక్కకు నెట్టింది. "నేను ఆమె కడుపున పుట్టినదాన్ని. ఆ కంచంలో ఒక్కనాడు నన్ను చెయ్యి పెట్టనిచ్చిందా? 'నీ కంచం నీకుంది కదే' అనేది. ఎవరి కంచం వాళ్ళకుండేది. నీకొక్కదానికే ఉండేది కాదు. మొహానికి ముక్కు కూడా సరిగా లేని పిల్లవి, దర్జాగా ఆమె ఎదురుగా కూర్చుని రొట్టెతో కట్టలు కట్టుకునేదానివి!"

నత్తకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకుని గుమ్మంలో ఇరుక్కున్నాయి. "అందుకనేనా సొట్ట తీయించావు?"

అత్త ఒక గింజ తీసి వలిచింది. వలిచిన గింజను తొక్కల్లో వేసింది, తొక్కను గింజల్లో వేసింది. చూసుకుని, "ఛీ," అనుకుంది.

"ఏమోనే. ఎందుకనో," అన్నది. "అలమరలో పెడతానన్నాడు వాడు. రోజూ చూడాలి కదా. చూసినప్పుడల్లా అది నీ వైపే తిరిగి ఉంటుంది."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పొయ్యి మీద చిన్న గిన్నెలో గింజలు కుతకుతలాడుతున్నాయి, కొంచెం అడుగంటుతున్న వాసన వస్తోంది. అత్త లేవబోయింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపి, నత్తే లేచి మంట తగ్గించింది. కంచం కడిగింది. గిన్నెలోంచి గింజలు, రసం, అడుగున పట్టిన మాడు గీకి మరీ వడ్డించింది. గూట్లో చిట్టి గరిటె ఉంది, దాని పక్కనే నూనె. రెండూ అక్కడే ఉండనిచ్చింది. రొట్టె ఒక్కటే తెచ్చింది.

"పెట్టుకో, నిన్నటి నుంచీ తినలేదన్నావుగా," అన్నది అత్త.

"నువ్వూ రా."

"నాకిప్పుడు ఆకలేమిటి? ఇంకా..."

"రావత్తా. ఎదురుగా ఎవరైనా తింటేనే నాకు దిగుతుందని నువ్వే అన్నావు."

అత్త సణుగుతూ పీట జరుపుకుంది. కంచం ఇద్దరి మధ్యా చదునుగా కూర్చుంది, పద్ధతిగా, ఎటూ మొగ్గకుండా. నత్త దాన్ని చూసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. కుదరలేదు. లేచి గూట్లోంచి ఒక చెంచా తెచ్చి, కంచం తన వైపు అంచు కిందికి దోపింది.

రసం నెమ్మదిగా కదిలింది. గింజల సందుల్లోంచి దారి చేసుకుంటూ అవతలి అంచుకు చేరింది.

"ఏమిటే ఇది? కూరంతా నా వైపుకు పారుతోంది. చెంచా తియ్యి."

"పారనీ."

"నీ వైపు ఎండిపోయింది చూడు, పిచ్చిదానా."

"తినత్తా, చల్లారిపోతుంది."

అత్త చెయ్యి కంచం అంచు దాకా వచ్చి ఆగింది. ఒకసారి గుమ్మం వైపు చూసింది, ఎవరైనా వచ్చి అట్లకాడతో ఒక్కటిస్తారేమోనన్నట్టు. ఎవరూ రాలేదు. రొట్టె తుంచి రసంలో ముంచింది. నోట్లో పెట్టుకుని, నత్త కంటే నెమ్మదిగా నమిలింది.

"ఉప్పు తక్కువైంది," అన్నది. ఇంకో ముక్క తుంచింది.